లోపలి అతుకు

మా కెమిస్ట్రీ డిపార్టుమెంటులో అందరికీ డిగ్రీలున్నాయి, నాకు ఊపిరి ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దాన్నే నమ్ముకుని బతికాను. పరిశోధన చేసే పిల్లలకు కావలసిన గాజు సామాను చేసేది నేనే, వాళ్ళు పగలగొడితే అతికేదీ నేనే. నోట్లో రబ్బరు గొట్టం, రెండు చేతుల్లో ఆగకుండా తిరిగే గాజు గొట్టం, ఎదురుగా మంట. పిల్లలు నన్ను ఊదుడు మాస్టారు అంటారు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. ప్రొఫెసర్లకు వాళ్ళు పెట్టిన పేర్లు విన్నాక నాది నయమనిపించి ఊరుకున్నాను.

నా గది బేస్‌మెంటులో ఉంటుంది. కిటికీలు పైకప్పుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి బయట నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనిపించవు. డిపార్టుమెంటులో ఎవరి బూట్లు ఏవో చెప్పగలను, మొహాలు మాత్రం అడగొద్దు. మొహం చూపించడానికి ఎవరూ అంత కిందికి దిగి రారు.

రోజూ వచ్చేవాడు ఒక్కడే, నా బావమరిది. మా ఆవిడ తమ్ముడు, అదే డిపార్టుమెంటులో అటెండరు. పై ల్యాబుల్లో పగిలిన సామానంతా ట్రేలో పెట్టుకుని మూడు అంతస్తులు దిగి వస్తాడు, బాగయినవి తీసుకుని వెళతాడు. నలభై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనివాడు. గాజు ఎత్తే తీరు చూస్తే చాలు, ఎవరికి చేయి ఉందో ఎవరికి లేదో తెలిసిపోతుంది. వాడికి ఉంది. చంటిపిల్ల తల పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. ఈ సంగతి నాకు మొదటి వారంలోనే తెలిసింది. తెలియనట్టు ఆరేళ్ళు గడిపాను.

"బావా, ఖాళీగా ఉన్నప్పుడు నాకు కాస్త నేర్పకూడదా?" అనేవాడు.

"ఖాళీ ఎక్కడిదిరా?" అనేవాణ్ణి, ఖాళీగా కూర్చుని.

వాడు మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, నేను పని చేస్తుంటే చూసేవాడు. గొట్టం కోయడం చూడనిచ్చాను, వంచడం చూడనిచ్చాను. ఒక్కటే చూడనివ్వలేదు. కండెన్సర్ అంటే గొట్టంలో గొట్టం. లోపలి దాంట్లో ఆవిరి పోతుంది, బయటి దాంట్లో చల్లనీళ్ళు. ఆ రెంటినీ కొసన లోపలి నుంచి అతకాలి. అక్కడికి వేలు పోదు, పనిముట్టు పోదు, మంటా ఊపిరీ పోవాల్సిందే. ఊపిరి ఒక్క క్షణం ముందు వదిలితే గాజు చిరుగుతుంది, ఒక్క క్షణం ఆగితే ముద్దవుతుంది. ఆ లోపలి అతుకు వచ్చినవాడు పనివాడు. రానివాడు గొట్టాలు వంచుకోవాలి.

సరిగ్గా ఆ అతుకు దగ్గరికి వచ్చేసరికి నేను కుర్చీ తిప్పి వాడికి వీపు పెట్టేవాణ్ణి. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మా గురువు నాకు అలాగే పెట్టాడు. "విద్య అడిగినవాడికి రాదురా, దొంగిలించినవాడికి వస్తుంది" అనేవాడాయన. ఆయన తిరిగిన వైపు పనిముట్ల బీరువా ఉండేది, దాని అద్దం తలుపులో ఆయన చేతులు కనిపించేవి. నాలుగేళ్ళు ఆ అద్దంలోకి చూసి, కుడి ఎడమలు మార్చుకుంటూ నేర్చుకున్నాను. నా గదిలో బీరువాకు ఇనప తలుపులు. అవి నేను చేరిన ఏడే దగ్గరుండి వేయించాను.

గురువుగారి మాట ఒక సాకని ఇప్పుడు ఒప్పుకుంటాను. అసలు సంగతి వేరు. నాకు రిటైర్మెంటు ఏడాదిన్నరలో పడింది. ఈ పని ఇంకొకరికి తెలియకపోతే యూనివర్సిటీ నా కాళ్ళు పట్టుకుని ఇంకో రెండేళ్ళు ఉండమంటుందని నా లెక్క. నేను లేకపోతే డిపార్టుమెంటు ఏమవుతుందో అని రాత్రీ పగలూ దిగులు పడింది నేనొక్కణ్ణే అని తర్వాత తెలిసింది.

అప్పుడే ఒక సర్క్యులర్ వచ్చింది. గాజు పనివాడి ఉద్యోగం నాతోనే రద్దు. అయితే నేను దిగిపోయేలోగా డిపార్టుమెంటు ఉద్యోగి ఎవరైనా ఈ పనిలో శిక్షణ పొంది ఉంటే, ఉద్యోగం అతనికిస్తారు. మా బావమరిది ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని తిరిగాడు. అటెండరుగా చేరినవాడు అటెండరుగానే దిగిపోయే చోట, వాడికి కనబడిన తలుపు అదొక్కటే. ఆ తాళంచెవి నా దగ్గర ఉంది.

ఇంట్లో మా ఆవిడ ఊరుకుంటుందా?

"ఆ నాలుగు ముక్కలూ వాడికి నేర్పితే మీ సొమ్మేం పోయింది?"

"నేర్పితే వచ్చేది కాదది."

"అవును మరి, మీరు అమ్మ కడుపులోంచి ఊదుకుంటూనే వచ్చారు."

"నీకు తెలియదు, ఊరుకో."

"నాకు తెలిసిందల్లా ఒకటే. వాడు అడగడం మానేసిన రోజున మీరు చెబుతానన్నా వినడు. మా నాన్న పోలిక వాడిది."

నవ్వి ఊరుకున్నాను. ఆవిడ మాటను నేను సీరియస్‌గా తీసుకోని రోజుల్లో అదొకటి.

మా యూనివర్సిటీలో విదేశీ సంబంధాల డైరెక్టరు ఒకాయన ఉన్నాడు. మేం సంబంధాలాయన అంటాం. పెళ్ళిళ్ళ పేరయ్యకూ ఆయనకూ ఒకటే తేడా, పేరయ్య కనీసం ఒకవైపైనా విచారిస్తాడు. ఆయన ఒక విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం కుదిర్చాడు. ఏటా మనవాళ్ళు అయిదుగురు విద్యార్థులు అక్కడ ఒక సెమిస్టరు చదువుతారు, వాళ్ళవాళ్ళు అయిదుగురు ఇక్కడ చదువుతారు. ప్రొఫెసర్లు కూడా అటూ ఇటూ తిరుగుతారు. బోధనేతర సిబ్బందికీ ఒప్పందం పట్టికలో ఒక వరుస ఉందట, దాన్ని ఎవరూ ఎప్పుడూ నింపలేదు. ఆ ఏడు అవతలి వాళ్ళే అడిగారు, మా గాజు పనివాడు రిటైరయి వెళ్ళిపోయాడు, మీ దగ్గర ఎవరైనా ఉంటే ఆరునెలలు పంపండి, మా వాళ్ళిద్దరికి నేర్పాలి అని.

సంబంధాలాయన నన్ను పిలిపించాడు. ఆయన గది నాలుగో అంతస్తులో ఉంటుంది, కిటికీలోంచి మనుషులు తలలతో సహా కనిపిస్తారు.

"మన దగ్గర గాజు ఊదేవాళ్ళు ఉన్నారని నాకు తెలియదే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"నాకూ మీరు ఉన్నారని ఈమధ్యే తెలిసిందండీ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, మంచిదే అయింది.

ఒక ఫారం ఇచ్చాడు. 'అక్కడ మీరు ఏం నేర్చుకోదలిచారు?' అని ఒక గడి ఉంది. 'ఏమీ లేదు' అని రాశాను. ఆయన దాన్ని కొట్టేసి 'పరస్పర జ్ఞాన వినిమయం' అని రాసుకున్నాడు. అలా నేను అరవయ్యో ఏటికి దగ్గరపడి మొదటిసారి విమానం ఎక్కాను.

వెళ్ళే ముందురోజు బావమరిది నా పెట్టె కట్టడానికి ఇంటికి వచ్చాడు. నా రంగు కళ్ళద్దాలు, నోటి గొట్టాలు, కర్ర పిడి చువ్వలు ఒక్కొక్కటీ పాత గుడ్డలో చుట్టి సర్దాడు. ఏది దేని తర్వాత కావాలో నేను చెప్పక్కర్లేకపోయింది.

"బావా, వచ్చాక నేర్పుతారా?"

"చూద్దాం" అన్నాను.

వాడు పెట్టె మూసి, పట్టీ బిగించి, సరేనని వెళ్ళిపోయాడు. ఆరేళ్ళలో వాడు నన్ను అడిగిన ఆఖరిసారి అదే.

అక్కడి వర్క్‌షాపు చూసి నాకు కళ్ళు తిరిగాయి. గది నిండా వెలుతురు, నేల మీద అద్దంలా మెరిసే పలకలు, మూడు కొత్త బర్నర్లు. తలుపు మీద నా పేరు రాసి పెట్టారు. మన దగ్గర నా తలుపు మీద 'నిప్పు జాగ్రత్త' అని మాత్రమే ఉంది. నేర్చుకునేవాళ్ళు ఇద్దరు. ఒకడు లావు కళ్ళజోడు కుర్రవాడు, మాట్లాడడు. ఇంకొకతె పొడుగు పిల్ల, మాట్లాడకుండా ఉండదు. వాళ్ళ భాష నాకు అరకొరగా వచ్చు, మిగతాది చేతులు చూసుకున్నాయి. మన మాటల్లో ఆ పిల్ల మొదటిరోజే ఒకటి నేర్చుకుంది, 'మాస్టారు'. రెండోది 'ఎందుకు'. ఆరునెలలూ ఆ రెండిటితో నన్ను చంపుకు తింది.

మొదటిరోజు కండెన్సర్ మొదలుపెట్టాను. లోపలి అతుకు దగ్గరికి వచ్చేసరికి అలవాటు ప్రకారం కుర్చీ తిప్పాను. ఆ పిల్ల తన స్టూలు ఎత్తుకుని చుట్టూ తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి, "మాస్టారు, మెడ నొప్పా?" అన్నట్టు మెడ పట్టుకుని చూపించింది. ఆ కళ్ళజోడు కుర్రాడు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. గొట్టం చేతిలో తిరుగుతూనే ఉంది, గాజు మెత్తబడుతోంది, ఇక తిరగడానికి టైము లేదు. ఆ పిల్ల కళ్ళ ముందే ఊదాను.

మా బావమరిది ఆరేళ్ళలో ఒక్కసారి కూడా స్టూలు ఎత్తుకుని ఇటువైపు రాలేదు. వాడికి తోచక కాదు. బావ వీపు తిప్పినప్పుడు చుట్టూ తిరిగి వచ్చి చూడటం మర్యాద కాదని రాలేదు. ఆ మర్యాద వాడి కొంప ముంచింది, నేను దాని మీద కూర్చుని కాలక్షేపం చేశాను.

రెండోరోజు నా బల్లకు పైన ఒక కెమెరా బిగించారు, సరిగ్గా చేతుల మీదికి. రికార్డు కోసం అన్నారు. కెమెరాకు వీపు పెట్టేదెలా? పెట్టాలని కూడా అనిపించలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, 'మాస్టారు, ఇది ఎందుకు' అని అడుగుతుంటే ఏనుగు ఎక్కినంత సంబరంగా ఉండేది. అదే మాట ఆరేళ్ళు అడిగినవాడు ఇంటి దగ్గర ఉన్నాడు. కానీ వాడు నా ట్రే మోసేవాడు, నా పెళ్ళాం తమ్ముడు. వాడు అడిగితే పోరులా వినిపించింది, వీళ్ళు అడిగితే పొగడ్తలా వినిపించింది. చెవి ఒకటే, మనిషీ ఒకడే. సిగ్గు లేకపోతే సరి.

అన్నీ చెప్పాను. మా గురువు నాకు చెప్పనివి, నేను దొంగిలించినవి, సొంతంగా తంటాలు పడి తెలుసుకున్నవి, అన్నీ. మంట రంగు ఎప్పుడు మారుతుందో, బుగ్గల్లో ఎంత గాలి ఉంచుకోవాలో, చెమట చేతికి గాజు ఎందుకు జారుతుందో. నాలుగో నెలలో ఆ పొడుగు పిల్ల చేసిన లోపలి అతుకును వెలుగులో పెట్టి చూశాను. వేలెత్తి చూపడానికి తప్పు లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లలు లేనివాణ్ణి, ఒకరికి విద్య ఇస్తే ఇలా ఉంటుందని అరవై ఏళ్ళకు తెలిసింది. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఇంటికి వెళ్ళగానే బావమరిదిని కూర్చోబెట్టి నేర్పాలని. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంటుంది, వాడి చేతికి ఎనిమిది నెలలు చాలు. ఉద్యోగం వాడిదవుతుంది. నా గదిలో నా తర్వాత నావాడే ఉంటాడు. ఇంతకంటే నాకు ఇంకేం కావాలి అనుకున్నాను. నిజంగానే ఇంకేమీ అక్కర్లేకపోయింది.

తిరిగి వచ్చిన సాయంత్రం మా ఆవిడకు చెప్పాను.

"రేపటినుంచి నీ తమ్ముడికి నేర్పుతాను."

ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నా చొక్కాలు పెట్టెలోంచి తీస్తూ, "వాణ్ణి అడగండి" అంది అంతే.

మర్నాడు వాడు మామూలుగా ట్రే తెచ్చాడు. కొత్త నోటి గొట్టం ఒకటి వాడి కోసం కొని తెచ్చాను, బల్ల మీద పెట్టాను. స్టూలు నా కుర్చీ పక్కకు లాగాను.

"కూర్చోరా. ఇవాళ్టి నుంచి మొదలుపెడదాం."

వాడు కూర్చోలేదు. పగిలిన ఫ్లాస్కులు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పేర్చాడు. అన్నీ పెట్టాక అన్నాడు.

"వీడియోలు చూశాను బావా."

"ఏ వీడియోలు?"

"రెండు యూనివర్సిటీల పేజీలోనూ పెట్టారు. నూట పద్నాలుగు ఉన్నాయి. అన్నీ చూశాను."

వాడికి కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు, అప్పుడూ రాలేదు. అదే భరించలేకపోయాను.

"ఆరేళ్ళు మీ వీపు చూశాను. చొక్కా చిరుగులు కూడా ఎక్కడున్నాయో తెలుసు. మీ చేతులు మాత్రం ఫోన్లో చూశాను, అది కూడా ఎవరికో చూపిస్తుంటే."

"అది కాదురా, అక్కడ..."

"అక్కడ వాళ్ళు అడిగారు, మీరు చెప్పారు. తప్పేముంది? నేనూ అడిగాను."

"అందుకే ఇప్పుడు నేర్పుతానంటున్నా కదా. ఉద్యోగం నీకు రావాలని కాదూ?"

"వద్దు బావా" అన్నాడు. "మీరు నేర్పుతుంటే నాకు ఎక్కదు. మీరు చేయి కదిపినప్పుడల్లా ఇది ముందే చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. ఆ మనసుతో మంట ముందు కూర్చోకూడదని మీరే ఆ పిల్లకి చెప్పారు. ముప్ఫై రెండో వీడియోలో."

ట్రే తీసుకుని వెళ్ళిపోయాడు. నోటి గొట్టం బల్ల మీదే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు రెండు ఫ్లాస్కులు అతుకుతూ రెండూ పగలగొట్టాను. ముప్ఫై ఏళ్ళలో అలా జరగలేదు.

నెలరోజులు తిరిగాను వాడి చుట్టూ. మా ఆవిడ చేత చెప్పించబోతే, "నేను చెప్పాల్సిన రోజుల్లో మీకు చెప్పాను" అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో చేతులు రోజూ కాల్చుకునేవాడికే ఆలస్యంగా తెలిసింది. చివరికి, వాడు నా మాట మీద రాకపోతే ఆర్డరు మీద వస్తాడని తోచింది. డిపార్టుమెంటు తరఫున శిక్షణ అంటే ఇద్దరి మధ్య మొహమాటం ఉండదు కదా అనుకుని సంబంధాలాయన దగ్గరికి వెళ్ళాను. సిబ్బంది శిక్షణ ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంది.

"భలే వచ్చారు" అన్నాడు. "నేనే పిలుద్దామనుకున్నా. మీ అతుకుల మీద శిక్షణ పెడుతున్నాం. ఒక వారం క్లాసులు, తర్వాత మూడు నెలలు ప్రాక్టీసు. సర్టిఫికెట్ వచ్చినవాళ్ళకి మీ పోస్టు."

"చాలా సంతోషమండీ. ఎప్పటినుంచి మొదలుపెట్టను?"

ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలాడు.

"నేర్పేది మీరు కాదు. అవతలి యూనివర్సిటీ నుంచి నిపుణురాలు వస్తున్నారు. ఈ ఏడు వాళ్ళ వైపు నుంచి సిబ్బంది రావాలి కదా, లేకపోతే ఒప్పందంలో మనకు వచ్చేవాళ్ళ వరుస ఖాళీగా కనిపిస్తుంది."

"ఎవరండీ నిపుణురాలు?"

కాగితం తిప్పి చూపించాడు. ఫొటోలో పొడుగు పిల్ల నవ్వుతోంది.

"ఆ పిల్లకి నేర్పింది నేనేనండీ!"

"తెలుసు. అందుకే మీ పర్యటన ఎంత విజయవంతమయిందో రిపోర్టులో రాశాను."

"మరి నేను ఇక్కడే ఉండగా ఆ పిల్ల అంత దూరం నుంచి రావడమెందుకు? నేనే నేర్పుతాను కదా."

"అలా ఎలా కుదురుతుందండీ? ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళకి నేర్పితే అది మార్పిడి ఎలా అవుతుంది?"

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? అయితే ఈ పెరటి చెట్టు ఆరేళ్ళు ఒక్క ఆకు కూడా రాల్చలేదన్నది ఆయనకు తెలియదు, నాకు తెలుసు. అందుకని గట్టిగా పోట్లాడలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని పోట్లాడను? శిక్షణకు పేరిచ్చినవాళ్ళ జాబితా బల్ల మీద ఉంది. మొదటి పేరు మా బావమరిదిది.

పొడుగు పిల్ల వచ్చింది. నా గదిలోనే క్లాసు. మెట్లు దిగి వస్తూనే నన్ను చూసి పెద్దగా "మాస్టారు!" అని అరిచింది, వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత అందరి వైపూ తిరిగి వాళ్ళ భాషలో గబగబా చాలాసేపు మాట్లాడింది, మాటమాటకీ నన్నే చూపిస్తూ. ఈయన లేకపోతే నేను లేను, నాకు వచ్చిందంతా ఈయనది, మీ దగ్గర ఈయన ఉండగా నన్ను పిలవడమేమిటో నాకు అర్థం కాలేదు అని చెప్పింది. అంత మాత్రం నాకు అర్థమయింది. సంబంధాలాయన గొంతు సవరించుకుని, "ఇక్కడికి రావడం చాలా ఆనందంగా ఉందంటున్నారు" అని అనువాదం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నా మెడలో ఒక బిళ్ళ వేశారు. 'స్థానిక సహాయకుడు' అని ఉంది. గ్యాస్ సిలిండర్లు తెరవడం, మూయడం, గాజు తుడిచి అందించడం నా పని. పొడుగు పిల్ల ఆ బిళ్ళను చదివించుకుని, నా వైపు తిరిగి, "మాస్టారు, ఎందుకు?" అంది. ఆ పిల్ల అడిగిన ఎందుకులన్నిటికీ జవాబు చెప్పినవాణ్ణి, దానికి మాత్రం గుడ్డ తీసుకుని గాజు తుడవసాగాను.

నలుగురు నేర్చుకుంటున్నారు. ముగ్గురు సర్టిఫికెట్ కోసం వచ్చారు, వాళ్ళ సంగతి వదిలేయండి. మా బావమరిది ముందు వరసలో కూర్చున్నాడు. ఆ పిల్ల వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేతుల మీద తన చేతులు పెట్టి గొట్టం తిప్పించింది. తప్పు చేస్తే ఫక్కున నవ్వేది, వాడూ నవ్వేవాడు. నా గదిలో వాడు నవ్వగా వినడం అదే మొదలు. వాడు ఆమెను "అమ్మా, ఇదెందుకు?" అని అడిగేవాడు, నన్ను అడిగినట్టే, అదే గొంతుతో. వీడియోలతో వాళ్ళ భాష వాడికి కాస్త పట్టుబడింది, మిగతాది చేతులు చూసుకున్నాయి. నేను గుడ్డ పట్టుకుని గాజు తుడుస్తూ నిలబడేవాణ్ణి. జవాబు నా నాలుక మీద ఉండేది, ఆ పిల్ల నోట్లోంచి వచ్చేది. నా మాటలే, నేను చెప్పిన వరుసలోనే. నావాడికి నేను ఇవ్వాల్సినది ఇంకెవరో ఇస్తుంటే పక్కన నిలబడి అందించడం కంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేరు.

అయిదోరోజు మధ్యాహ్నం వాడు లోపలి అతుకు చేశాడు. అందరూ కాఫీకి వెళ్ళారు, వాడు మాత్రం లేవలేదు. మంట ముందు వాడి భుజాలు ఎంత వదులుగా ఉన్నాయో చూశాను. గాజు మెత్తబడింది, నా ఊపిరి నాకు తెలియకుండానే ఆగింది, వాడి ఊపిరి సరిగ్గా పడాల్సిన చోట పడింది. మొదటి అతుకు నేను ఇంత శుభ్రంగా చేయలేదు. వాడు దాన్ని మెల్లగా చల్లార్చే ఓవెన్‌లో పెట్టి టైము తిప్పుతున్నాడు.

దగ్గరికి వెళ్ళాను. ఇదొక్కటైనా నేను చెప్పాలి అనిపించింది. వారమంతా గొంతులో ఉన్నది ఇక ఆగలేదు.

"ఒరేయ్, చాలా బాగా వచ్చింది. ఒక్క మాట చెప్పనా? అతుకు దగ్గర గాజు మందంగా ఉంటుంది. మామూలు టైముకి తీసేస్తే పైకి బాగానే ఉంటుంది గానీ రెండు రోజులకి..."

"చిట్లుతుంది" అన్నాడు. "ఇంకో గంట ఎక్కువ ఉంచాలి. ఆవిడ చెప్పింది బావా."

"ఓహో. చెప్పిందా?"

"నేను మీ దగ్గర ముక్కలు ఏరుకెళ్ళి ఇంట్లో చిన్న మంట మీద అతుక్కుని, తెచ్చి మీరు లేనప్పుడు ఈ ఓవెన్‌లోనే మామూలు టైము ఉంచేవాణ్ణి. అన్నీ రెండు రోజులకి చిట్లేవి. నా చేతిలోనే లోపముందనుకున్నాను ఆరేళ్ళు. ఈ గంట సంగతి ఏ వీడియోలోనూ లేదు, కెమెరా పెట్టకముందు చెప్పారట. అందుకే ఇది మీకెలా తెలుసమ్మా అని అడిగాను. మా మాస్టారు చెప్పారంది."

ఓవెన్ తలుపు మూశాడు. వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నవాడు తెలుసుకుని వచ్చి చెబుతున్నట్టే ఉంది.

"ఎప్పుడు చెప్పారని కూడా అడిగాను బావా. మొదటిరోజే అంది."

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. కాఫీ తాగి అందరూ దిగి వస్తున్నారు. ఇవాళ్టికి చాలు, సిలిండర్లు కట్టేయండి అని సంబంధాలాయన పైనుంచి కేక వేశాడు. వెళ్ళి కట్టేశాను.